వెనక సీటు నుంచి కొన్ని జవాబులు

2022 జులైలో నేనూ మా ఆయనా మా టాండెమ్‌ని పెట్టెల్లో సర్దుకుని బెంగళూరు నుంచి ఫ్రాన్స్ వెళ్లి టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చూసొచ్చిన సంగతి పోయిన సంచికలో ఓ పేజీ రాశాను. సరదాకి రాసిన ఆ పేజీకి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి కొన్నిటినే తీసుకున్నాను. ఆ పేజీ చదవనివాళ్లకి రెండు మాటలు. ఈ రేసు రోజుకో ముక్కగా సాగుతుంది, ఒక్కో రోజు ముక్కని స్టేజి అంటారు. టాండెమ్ అంటే ఒకే ఫ్రేము మీద రెండు సీట్లు, రెండు జతల పెడళ్లు, చక్రాలు మాత్రం రెండే. హ్యాండిలు, బ్రేకులు, గేర్లు అన్నీ ముందు మనిషి చేతిలో ఉంటాయి. వెనక మనిషికి నోరు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ వెనక మనిషిని నేనే.

ప్రశ్న: మేడమ్, మేం మారతహళ్లిలో ఉంటాం, ఇద్దరం సాఫ్ట్‌వేరే. పెళ్లయి నాలుగేళ్లయింది. ఈ మధ్యే ఒక సెకండ్ హ్యాండ్ టాండెమ్ కొన్నాం. టూర్ డి ఫ్రాన్స్‌లో మొత్తం 21 స్టేజీలూ రేసు వెంటే మా సైకిలు మీద తిరుగుతూ చూడాలని కోరిక. లీవు సంగతి మేం చూసుకుంటాం. రోజుకి ఎన్ని కిలోమీటర్లు తొక్కే ప్రాక్టీసు ఉండాలి?

జవాబు: ఎంత ప్రాక్టీసు చేసినా కుదరదమ్మా. నిరుత్సాహపరచాలని కాదు, లెక్క చూడండి. మేం వెళ్లిన ఏడాది రేసు మొత్తం దాదాపు 3,350 కిలోమీటర్లు, గెలిచిన మనిషి సగటు వేగం గంటకి 42 కిలోమీటర్ల పైన. మీరు గుడారం, బట్టలు, వంట సామాను వేసుకుని గంటకి 16, 17 తొక్కితే గొప్ప. వాళ్లు నాలుగు గంటల్లో ముగించే దూరం మీకు తెల్లారి నుంచి రాత్రి దాకా పడుతుంది, పైగా ఆ రోడ్డు రేసు కోసం గంటల తరబడి మూసేసి ఉంటుంది. సరే, ఎలాగో తొక్కారనుకుందాం. ఇవాళ రేసు ముగిసిన ఊళ్లోనే రేపటి రేసు మొదలవ్వాలని ఎక్కడా లేదు. రైడర్లు స్నానం చేసి బస్సెక్కి వంద, నూటయాభై కిలోమీటర్లు అవతలికి వెళ్లిపోతారు. 2022లో మొదటి మూడు రోజులు రేసు డెన్మార్క్‌లో జరిగింది. అక్కణ్నుంచి అందరూ విమానమెక్కి ఫ్రాన్స్‌కి దిగారు. మీరు టాండెమ్ మీద ఎలా వెళ్తారు చెప్పండి.

కాబట్టి వెంటపడే ఆలోచన మానేసి కాపు కాసే ఆలోచన చేయండి. వచ్చే ఏడాది దారి ఏమిటో నిర్వాహకులు ముందటేడు అక్టోబరులోనే ప్రకటిస్తారు. ఆ మ్యాపు ముందేసుకుని ఒక్కటే వెతకండి: ఏ కొండ మీద ఒక రోజు రేసు ముగిసి, మర్నాడు ఆ కొండ కిందే మళ్లీ మొదలవుతోంది? అలాంటి చోటు దొరికితే సామాను విప్పి ఒకే క్యాంపులో మూడు నాలుగు రోజులు ఉండొచ్చు. మాకు దొరికింది బూర్ దువాజాన్ అనే చిన్న ఊరు. ఆ ఏడాది జులై 14న, అంటే వాళ్ల జాతీయ పండగ రోజున, ఆ ఊరి నెత్తి మీదున్న ఆల్ప్ దుయెజ్ కొండ ఎక్కడంతో రేసు ముగిసింది. 15న ఉదయం ఆ ఊళ్లోనే తర్వాతి స్టేజి మొదలైంది. మేం చేసిన తెలివైన పని అదొక్కటే, మిగతావన్నీ తప్పులే.

ఏం తప్పులంటారా? అయిదు చోట్ల చూద్దామని బయల్దేరాం. లియోన్‌లో విమానం దిగితే రెండు పెట్టెల్లో ఒకటే వచ్చింది. ముందు సీటు, హ్యాండిలు వచ్చాయి, నా సీటు రాలేదు. ఏ విమాన సంస్థో చెప్పను గానీ, కౌంటర్లో ఉన్న అమ్మాయికి మేం రాసిచ్చిన ఫారంలో ‘సగం సైకిలు పోయింది’ అని ఉంటే, మిగతా సగం ఎక్కడుందని మమ్మల్నే అడిగింది. రెండు రోజులు ఎదురుచూపులకే సరిపోయింది. ఆ రెండు రోజులూ మా ఆయన ‘నేనొక్కణ్నే తొక్కుకుంటూ వెళ్లనా’ అని ఓ నాలుగుసార్లు జోకేశాడు. నేను నవ్వలేదు.

పెట్టె వచ్చాక గ్రెనోబుల్ దాకా రైలు, అక్కణ్నుంచి ఓ 50 కిలోమీటర్లు లోయ వెంట తొక్కి ఊరు చేరాం. 14న తెల్లవారుజామునే సామానంతా క్యాంపులో వదిలేసి కొండెక్కడం మొదలుపెట్టాం. ఆల్ప్ దుయెజ్‌కి 21 మలుపులు, 13.8 కిలోమీటర్లు. మలుపులకి కింద నుంచి పైకి తగ్గుతూ నంబర్లుంటాయి, కింద 21, పైన 1. ఒక్కో మలుపు దగ్గర పాత విజేతల పేర్లతో బోర్డు. కొండ మొత్తమ్మీద అతి కష్టమైనది మొదటి రెండు మూడు కిలోమీటర్లే, ఇంకా ఒళ్లు వేడెక్కకముందే పదిశాతం దాటిన ఎక్కుడు, అంటే వంద మీటర్లు పోతే పది మీటర్లకి పైనే ఎత్తు పెరుగుతుంది. మన నందీ హిల్స్ ఎక్కేశాం కదా అన్న ధైర్యం 20వ మలుపు దగ్గరే పోయింది. అయితే ఇరుపక్కలా కార్వాన్లు వేసుకుని మూడు రోజుల ముందే వచ్చి కూర్చున్న జనం టాండెమ్ కనపడగానే లేచి నిలబడి అరుస్తారు. పోటీ వీరులకి చప్పట్లు అందరూ కొడతారు గానీ, పొద్దున్నే నైటీ మీద కాఫీ తాగుతున్న ఓ ఫ్రెంచి బామ్మ నా లాంటి యాభై ఏళ్ల మనిషికి కప్పు పక్కన పెట్టి మరీ కొట్టింది. మామూలు సైకిలు మీద వెళ్తే ఆ మర్యాద దొరకదు.

16వ మలుపు దగ్గర ఆగిపోయాం, కాళ్లు ఇంక వద్దన్నాయి. పెయింటుతో రోడ్డు మీద రైడర్ల పేర్లు రాయడం అక్కడ ఆనవాయితీ. మేం సుద్దముక్కలు తెచ్చుకున్నాం. మా ఆయన ఏదో ఆలోచిస్తుండగానే నేను వంగి ‘తొక్కు నాయనా తొక్కు’ అని అడుగు ఎత్తు అక్షరాలతో రాసేశాను. ఆ ఫొటో చూసి వరంగల్ నుంచి మా స్నేహితురాలు అడిగిన మొదటి ప్రశ్న: ఏం తొక్కు, మామిడికాయదా?

ఇక ఎదురుచూపు. ఎండ కడప ఎండకి ఏమాత్రం తీసిపోదు. రేసు రావడానికి ఇంచుమించు రెండు గంటల ముందు ప్రచార బళ్ల ఊరేగింపు వస్తుంది. 1930 నుంచీ ఉన్న పద్ధతి ఇది. పెద్ద పెద్ద బొమ్మలు పెట్టుకున్న బళ్లు వరసగా అరగంట పైనే పోతుంటాయి, వాటి మీంచి టోపీలు, కీ చెయిన్లు, బిస్కెట్లు, చాక్లెట్లు జనం మీదికి విసురుతుంటారు. మన దగ్గర రథం మీదికి మనం అరటిపండ్లు విసురుతాం కదా, అక్కడ రథమే మన మీదికి విసురుతుంది. పక్కనున్న పెద్దమనిషి, చూస్తే ఏ బ్యాంకు మేనేజరో అనిపించేవాడు, ఒక ఎర్ర చుక్కల టోపీ కోసం నా మోచేతిని తోసేశాడు. టోపీ నాకే దొరికింది లెండి.

అయిదు దాటాక మొదట హెలికాప్టర్ చప్పుడు, తర్వాత పోలీసు మోటారు సైకిళ్లు, తర్వాత కింది మలుపుల్లోంచి పైకి అలలాగా కేకలు. ముందు ఓ చిన్న గుంపు వచ్చింది, అందులో టామ్ పిడ్‌కాక్, క్రిస్ ఫ్రూమ్ ఉన్నారు. ఫ్రూమ్ నాలుగుసార్లు ఈ రేసు గెలిచి, 2019లో ఘోరంగా పడి, మళ్లీ లేచి వచ్చిన మనిషి. వాళ్లు నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో పోయారు. టీవీలో తెలియనిది ఒకటుంది, ఊపిరి వినపడుతుంది. అంత వేగంగా ఎక్కుతున్నవాళ్లు నోరు తెరిచి పీలుస్తున్న గాలి చప్పుడు, అంతమంది అరుస్తున్నా సరే, స్పష్టంగా వినిపించింది. ఆ సాయంత్రం పైన గెలిచింది 22 ఏళ్ల పిడ్‌కాక్. మా ముందు నుంచి చివరి గుంపు పోయేసరికి ఇంకో అరగంట పైనే పట్టింది. కొండ మీద చూడమనేది అందుకే. చదును రోడ్డు మీదైతే నూటయాభై మంది పైన ఒకే ముద్దగా వచ్చి, మీరు ఫోను తీసేలోపు రంగుల గీతలా పోతారు.

మీ లీవులో చివరి ఆదివారం ప్యారిస్‌కి ఉంచుకోండి, ఊళ్లో చుట్లు కొడతారు కాబట్టి ఒకే చోట నిలబడి పలుసార్లు చూడొచ్చు. మేం వెళ్లిన 2022 జులై 24న మగవాళ్ల రేసు ముగింపు, అదే రోజు అదే వీధుల్లో ఆడవాళ్ల టూర్ మొదటి స్టేజి కూడా జరిగింది. లోరెనా వీబెస్ గెలిచింది. మా ఆయన మగవాళ్ల రేసు బాగా కనపడే చోటు పట్టుకుందాం పద అని లాగుతుంటే కదలనని గొడవ పెట్టుకుని మరీ చూశాను. వారం తర్వాత ఆ మొత్తం రేసు గెలిచిన అనీమీక్ వాన్ ఫ్లూటెన్‌కి అప్పటికి 39 ఏళ్లు.

ప్రశ్న: జయనగర్‌లో రిటైరై ఉంటున్నాను. మీ వ్యాసం చదివాను. లక్షలు పోసి, కొండలెక్కి, ఎండలో పది గంటలు కూర్చుని, ఎవరో పావు నిమిషంలో వెళ్లిపోతే చూడ్డానికా? ఇంట్లో టీవీలో హాయిగా మొత్తం రేసు కనపడుతుంది కదా. ఇది వెర్రి కాదా?

జవాబు: వెర్రేనండి, కాదని ఎవరన్నారు. అయితే తమరు ఎప్పుడైనా తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవకి వెళ్లారా? పొద్దున్నే మాడవీధి గ్యాలరీలో చోటు పట్టుకుని, రాత్రి స్వామి మన ముందు నుంచి వెళ్లే ఆ కాసేపటి కోసం పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చుంటాం. అదీ టీవీలో ఇంకా బాగా కనపడుతుంది. పక్కనున్న విజయనగరం వాళ్లు మనకి పులిహోర పెడతారు, మనం వాళ్లకి చోటిస్తాం, సాయంత్రానికి చుట్టరికం కలిసిపోతుంది. ఆ కొండ మీద మాకు పులిహోర బదులు ఒక డచ్చి కుటుంబం చీజు పెట్టింది, అంతే తేడా. ఇంకో సంగతి, స్టేడియం కాదు కాబట్టి రోడ్డు పక్కన నిలబడడానికి ఒక్క రూపాయి టికెట్ లేదు. లక్షలు పోయేది విమానానికి. అంత దూరం దండగనుకుంటే ఫిబ్రవరిలో యూఏఈ టూర్ జరుగుతుంది, అల్ ఐన్ దగ్గర జెబెల్ హఫీత్ కొండ మీద ఇదే స్థాయి రైడర్లు ఎక్కుతారు, ఇక్కణ్నుంచి నాలుగు గంటల విమానం. మీ అబ్బాయో అమ్మాయో దుబాయ్‌లో ఉండే ఉంటారు.

ప్రశ్న: చెన్నై వేళచ్చేరి నుంచి రాస్తున్నాను. నేనూ మా ఆవిడా ప్రతి ఆదివారం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద టాండెమ్ తొక్కుతాం. వచ్చే జులైలో ఫ్రాన్స్‌లోని పిరనీస్ పర్వతాలకి వెళ్లి టూర్మలే కొండ మీద రేసు చూడాలని నా ప్లాను. సమస్య ఏమిటంటే, తను వెనక కూర్చుని ‘నీ వీపు తప్ప ఏమీ కనపడదు, గుంటలు చెప్పవు, ఇష్టం వచ్చినట్టు తొక్కుతావు’ అని గొడవ. మొన్న మహాబలిపురం దగ్గర దిగిపోయి ఆటో ఎక్కేసింది. తనని ఎలా ఒప్పించాలి?

జవాబు: సార్, మీరు ఉత్తరం రాసింది ఎవరికో గుర్తుంచుకోవాల్సింది. నేను ఆవిడ పార్టీ.

మీ ఉత్తరమంతా వెతికినా ‘మేం వెళ్లాలనుకుంటున్నాం’ అన్న మాట లేదు, ‘నా ప్లాను’ అని ఉంది. ఆ సంగతి మీరే ఆలోచించుకోండి, నేను సైకిలు సంగతి చెప్తాను. వెనక మనిషిని ఇంగ్లీషులో స్టోకర్ అంటారు, అంటే పాత బొగ్గు రైలింజన్లో ఫైర్‌మన్. గుంతకల్లు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు, బండి నడిపేది డ్రైవరే అయినా ఒళ్లు కాలేది ఫైర్‌మన్‌కే. టాండెమ్‌లో రెండు జతల పెడళ్లనీ ఒక చెయిను కలుపుతుంది కాబట్టి మీ కాళ్లు ఎంత వేగంగా తిరిగితే ఆవిడ కాళ్లూ అంతే వేగంగా తిరగాల్సిందే. మీరు చెప్పకుండా తొక్కడం ఆపితే ఆవిడ మోకాలికి దెబ్బ. రోడ్డు కనపడదు కాబట్టి గుంట వస్తోందని ముందే సీటు మీంచి కాస్త లేవడానికి వీల్లేదు, పైగా ఆవిడ కూర్చున్నది వెనక చక్రం దగ్గర కాబట్టి ప్రతి గతుకూ నడుములోకే. మీరు పదహారణాల మంచి మొగుడైనా సరే, నోరు విప్పకపోతే ఆ సైకిలు మీద మీరు దుర్మార్గులే.

మా ఇంట్లో నాలుగు మాటలు ఖాయం చేసుకున్నాం: గుంట, గేరు, ఆపు, లే. గుంట అంటే నేను పెడళ్ల మీద బరువు వేసి కాస్త లేస్తాను. గేరు అంటే క్షణం పాటు కాలి బలం తగ్గిస్తాను. ఆపు అంటే తొక్కడం ఆపు, ‘ఆపుతున్నాను’ అని కాదు, ఈ రెండూ కలిపేసుకునే మొదటి నెలంతా పోట్లాడుకున్నాం. లే అంటే ఇద్దరం కలిసి నిలబడి తొక్కడం, అది నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. ఇవి మీరు ప్రతిసారీ, ముందుగా, వినపడేలా చెప్పాలి. ఈసీఆర్ మీద సముద్రపు గాలికి సగం మాటలు ఎగిరిపోతాయి. మర్యాదగా గొణిగితే లాభం లేదు, అరవండి. ఆవిడ సీటు కింద స్ప్రింగు ఉండే సీట్ పోస్టు వేయించండి. మ్యాపు, ఫోను, తిండి, కెమెరా ఆవిడ చేతికి అప్పగించండి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ టీ తాగాలో ఆవిడ మాటే చెల్లాలి. మా ఇంట్లో ఈ ఒప్పందమే ఇన్నాళ్లూ నిలబెట్టింది.

ఇక కొండ. చెన్నైలో చదును మీద టాండెమ్ బాణంలా పోతుంది, ఇద్దరి బలానికి ఎదురుగాలి ఒక్కరికి తగిలినంతే కదా. ఎక్కుడులో ఆ లాభం పోయి బరువు మాత్రం మిగులుతుంది. టూర్మలే 2,115 మీటర్లు. ముందు ఏలగిరి వెళ్లండి, మీకు దగ్గరే, 14 మలుపులు. అక్కడ పోట్లాట లేకుండా ఎక్కితే కొల్లిమలైకి వెళ్లండి, అక్కడ 70 మలుపులు. అక్కడా మాట్లాడుకుంటూ ఎక్కగలిగితే అప్పుడు టికెట్లు బుక్ చేయండి.

ఎక్కడం కన్నా నాకు భయం దిగడం. ఇది మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఇద్దరు మనుషులు, సైకిలు, కొంచెం సామాను కలిపి 180 కిలోలు అనుకుందాం. అది 1,100 మీటర్ల ఎత్తు నుంచి దిగేటప్పుడు ఎంత శక్తి వదలాలో మా ఆయన ఓ రోజు లెక్కేసి చూపించాడు, ఆరు లీటర్ల చల్లనీళ్లని మరిగించేంత. కొంత గాలి తీసుకుంటుంది, మిగతాదంతా మీ బ్రేకుల మీదే. రిమ్ముని పట్టుకునే పాత రకం బ్రేకులైతే రిమ్ము కాలిపోయి, లోపల ట్యూబు పేలే ప్రమాదం ఉంది. మంచి డిస్కు బ్రేకులు వేయించండి, వాటినీ అదేపనిగా నొక్కి పట్టుకోకుండా గట్టిగా వేసి వదిలి, మళ్లీ వేసి వదులుతూ దిగండి, మధ్యలో రెండు మూడు చోట్ల ఆగి చల్లారనివ్వండి. ఆల్ప్ దుయెజ్ దిగుతుంటే ఒక చోట ఆగి డిస్కు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లితే పెనం మీద దోసె పిండి పడ్డట్టు చుయ్‌మంది. (వేడి డిస్కు మీద నీళ్లు పోయకూడదు, వంగిపోతుంది. మాకు అప్పటికి తెలీదు.)

విడి స్పోకులు, వాటిని బిగించే పనిముట్టు తప్పకుండా పట్టుకెళ్లండి, టాండెమ్ వెనక చక్రం మీద పడే బరువుకి స్పోకులు విరగడం మామూలే. మీరు వెళ్లే ఆ టూర్మలే మీదే 1913లో యూజీన్ క్రిస్టోఫ్ అనే రైడర్ సైకిలు ముందు ఫోర్కు విరిగింది. అప్పటి రూలు ప్రకారం ఎవరి సాయమూ తీసుకోకూడదు. సైకిలు భుజాన వేసుకుని కిందున్న సెంత్ మరీ ద కాంపాన్ అనే ఊరిదాకా నడిచి, కమ్మరి కొలిమిలో తనే ఇనుము కాల్చి అతికించుకున్నాడు. అంతా చేశాక, కొలిమి తిత్తి ఊదింది ఓ కుర్రాడు కదా అని శిక్ష వేశారు. ఆ ఊళ్లో ఆయన విగ్రహం ఉంది. మీ ఆవిడకి ఆ కథ చెప్పి, రేసు సంగతి తర్వాత, ముందు విగ్రహం చూద్దాం అనండి. చూద్దాం ఆటో ఎక్కుతుందో సైకిలు ఎక్కుతుందో.

ప్రశ్న: యలహంక నుంచి, ఒకే కవర్లో మూడు ప్రశ్నలు. టాండెమ్‌ని విమానంలో ఎలా తీసుకెళ్లాలి? వీసా ఏ దేశానిది? శాకాహారులం, తిండి దొరుకుతుందా?

జవాబు: వరసగా చెప్తాను. మాది మధ్యలో మర కప్లింగులు ఉన్న ఫ్రేము, విప్పితే మూడు ముక్కలవుతుంది, చక్రాలతో సహా రెండు పెట్టెల్లో పడుతుంది. చాలా విమాన సంస్థలు పొడుగు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే అదనంగా వసూలు చేస్తాయి, ఈ పెట్టెలు ఆ కొలతకే చేసినవి. అలాంటి ఫ్రేము లేకపోతే ఇక్కడి నుంచి మోసుకెళ్లడం మానేసి అక్కడే అద్దెకి తీసుకోండి. టీజీవీ లాంటి వేగం రైళ్లలో విప్పకుండా ఎక్కిద్దామన్న ఆశ పెట్టుకోకండి. కప్లింగులు విప్పే పానా మాత్రం సంచిలో కాకుండా పెట్టెలోనే పెట్టండి, లేకపోతే సెక్యూరిటీ వాళ్లు తీసేసుకుంటారు. రెండు పెట్టెల్లోనూ ఒక్కోటి పెట్టండి, ఎందుకో పైన చెప్పాను.

వీసా షెంగెన్‌ది, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికి అప్లై చేయాలి. 2026 రేసు మొదలయ్యేది స్పెయిన్‌లోని బార్సిలోనాలో, అయినా మీ రాత్రులు ఎక్కువ ఫ్రాన్స్‌లో ఉంటే ఫ్రాన్స్ వీసానే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. జులై ప్రయాణానికి స్లాట్ల కోసం అందరూ ఎగబడతారు కాబట్టి చలికాలంలోనే కాగితాలు సర్దుకోండి. 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. 2027లో రేసు ఎడిన్‌బరోలో మొదలవుతుంది, ఆ మొదటి రోజులు చూడాలంటే బ్రిటన్ వీసా వేరే.

తిండి సంగతి: రొట్టె, చీజు, పెరుగు, టమాటాలు, పీచ్ పళ్లు ఎక్కడైనా దొరుకుతాయి. వేరుశెనగ పొడి, కందిపొడి పట్టుకెళ్లండి, ఫ్రెంచి రొట్టెకి వెన్న రాసి కందిపొడి చల్లితే ఎంత బాగుంటుందో ఫ్రెంచివాళ్లకి తెలీదు. ఆదివారం, జులై 14 సెలవు రోజు చాలా దుకాణాలు మూసేస్తారు, ముందు రోజే కొనుక్కోండి. ఒక జాగ్రత్త. ప్రచార బళ్లలో ఎర్ర గళ్ల గుడ్డ డిజైనున్న పాత సిత్రోయెన్ కార్లు వస్తాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వాటి మీంచి విసిరే చిన్న ప్యాకెట్లలో ఉండేది పందిమాంసం. మా ఆయన చాక్లెట్ అనుకుని ఎగిరి పట్టుకుని, పక్కింటి కార్వాన్ కుక్కకి సమర్పించుకున్నాడు.

ప్రశ్న: కె.ఆర్. పురం నుంచి. మా నాన్నకి నీటికాసుల జబ్బు వల్ల ఆరేళ్లుగా చూపు లేదు. అనంతపురంలో ఉద్యోగం చేసినన్నాళ్లూ రోజూ సైకిలు మీదే ఆఫీసుకి వెళ్లేవారు. మీ వ్యాసం నేను చదివి వినిపిస్తే ‘వెనక సీట్లో వాళ్లకి రోడ్డు కనపడదన్నమాట, అయితే నేనూ కూర్చోవచ్చు’ అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ తర్వాత రెండుసార్లు అదే మాట ఎత్తారు. నేను ముందు కూర్చుని నాన్నని వెనక కూర్చోబెట్టుకోవచ్చా? అలాంటి మనిషిని రేసు చూడ్డానికి తీసుకెళ్లడంలో అర్థం ఉందా?

జవాబు: మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. పారాలింపిక్స్‌లో చూపు లేని రైడర్ల పోటీలు టాండెమ్ మీదే జరుగుతాయి, చూపున్న పైలట్ ముందు, రైడర్ వెనక. పతకం ఇద్దరికీ ఇస్తారు.

ముందు మీరు నేర్చుకోవాలి, ఆయన కాదు. ఆయనకి సైకిలు ఒంట్లో ఉంది, మీకు వెనక ఓ మనిషి బరువుతో హ్యాండిలు పట్టుకోవడం కొత్త. మీ అన్నయ్యనో స్నేహితురాలినో వెనక ఎక్కించుకుని కొన్ని వారాలు తొక్కండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే ఎక్కువగా పడతారు. మీరు రెండు కాళ్లూ దూరంగా నేల మీద ఆనించి, బ్రేకులు పట్టుకుని గట్టిగా నిలబడితే వెనక మనిషి తీరిగ్గా ఎక్కి కూర్చోవచ్చు. కుదిరాక, ఆదివారం పొద్దున్నే కబ్బన్ పార్కు లోపలికి తీసుకెళ్లండి, మోటారు బళ్లు ఉండవు. పైన చెన్నై ఆయనకి చెప్పిన నాలుగు మాటలు మీకూ వర్తిస్తాయి, ఇంకొంచెం ఎక్కువగా. ఎడమకి తిరుగుతున్నాం, ఎదురుగా కుక్క ఉంది, ఎవరో పిల్లవాడు చెయ్యి ఊపుతున్నాడు, అన్నీ చెప్పండి. ఇంత మంది మొగుళ్ల కన్నా మీరే మంచి కెప్టెన్ అవుతారని నా అనుమానం.

రేసు విషయానికి వస్తే, 16వ మలుపు దగ్గర నాకు ముందు వచ్చింది చూపు కాదు, చెవి. హెలికాప్టర్ ఎంత దూరంలో ఉందో బట్టి ముందున్నవాళ్లు ఏ మలుపులో ఉన్నారో మా పక్కనున్న డచ్చాయన కళ్లు మూసుకుని చెప్పాడు. రైడర్ల వెనక వచ్చే టీము కార్ల క్లచ్ కాలిన వాసన, టైర్ల చప్పుడు, అన్ని భాషల కేకలు, ఇవేవీ టీవీలో రావు. అయితే ఆయన్ని కొండకి తీసుకెళ్లకండి, ఎండ, తోపులాట, దిగడం కష్టం. ఆయనకి టైమ్ ట్రయల్ స్టేజి చూపించండి. అందులో రైడర్లు గుంపుగా రారు, నిమిషానికో రెండు నిమిషాలకో ఒక్కొక్కరుగా వదులుతారు కాబట్టి మధ్యాహ్నమంతా వరసగా వస్తూనే ఉంటారు. చాలామంది వెనక చక్రానికి స్పోకులు ఉండవు, మొత్తం కార్బన్ పళ్లెం. లోపలంతా డొల్ల కాబట్టి రోడ్డు మీద ప్రతి గతుకుకీ అది డోలులాగా మోగుతుంది. దూరం నుంచి వూమ్ వూమ్ అని మొదలై, మన ముందుకొచ్చేసరికి ఛాతీలో తగిలి, దాటిపోగానే చప్పున సన్నబడుతుంది. కాసేపు వింటే, వచ్చేవాడు గట్టిగా తొక్కుతున్నాడో అలిసిపోయాడో కూడా తెలిసిపోతుంది. బారికేడ్ పక్కనే, చదునుగా ఉన్న చోట, మలుపు తిరిగి బయటికి వచ్చే వైపు ఓ మడత కుర్చీ వేయండి. మలుపు దాటగానే రైడర్ మళ్లీ బలమంతా పెట్టి తొక్కుతాడు, చప్పుడు బాగా వినపడేది అక్కడే.

వెనక సీటుకి ఒక చిన్న గంట బిగించండి, అనంతపురంలో ఆయన సైకిలుకి ఉన్న లాంటిది. మా సైకిలుకీ ఒకటుంది. హ్యాండిలు ఎవరి చేతిలో ఉన్నా, మాకు గంట కొట్టేది నేనే.